కాళ్ళ వైపు మనిషి

అమ్మా, నేను బానే ఉన్నా, వేళకి తింటన్నా. నువ్వూ ఆ ఇటలీలో, బెర్గామోలో బానే ఉన్నావనుకుంటా. ఫోన్లో అయితే నాకు మాట రాదు, నీకు తెల్సుగా. అందుకే ఇలా కొడతన్నా. తప్పులుంటే సర్దుకో.

ఆసుపత్రిలో పనెట్టా ఉందని అడిగావ్. లిఫ్ట్ ఇంకా బాగవలేదు. స్ట్రెచర్లు మెట్ల మీద మోస్తన్నాం. నాతో మోసే నిస్తోర్ మామ "లిఫ్టూ రోగేరా, దానికీ మంచం దొరకలా" అంటాడు. అక్కడ నువ్వు జీతానికి చూసుకునే ముసలావిడ మంచం మీట నొక్కితే లేస్తదన్నావ్. ఇక్కడ మీట నేనే.

"అమ్మమ్మకి మీ ఆసుపత్రిలో సొంతంగా మంచం ఇచ్చారుగా, నువ్వు పంపిన ఫొటో చూశా, ఎండాకాలం దాకా ఆగి రానా" అనడిగావ్. అది చివర్లో చెప్తా.

మా దగ్గర మంచానికిద్దరు. ముందొచ్చినోళ్ళు తల వైపు, తర్వాతొచ్చినోళ్ళు కాళ్ళ వైపు. పేర్లతో పన్లేదు. "ఆ కాళ్ళ వైపు మనిషికి సూదెయ్" అంటారు నర్సులు. అందరికీ అలవాటైపోయింది. నాకు మండేది అదే.

మంగళారం బుకారెస్ట్ నుంచి తనిఖీ వాళ్ళొచ్చారు. పొద్దున్నే మా హెడ్ నర్సు రోదికా మేడం "కాళ్ళ వైపోళ్ళందర్నీ తీసెయ్యండి, మంచానికొక్కరే కనపడాలి" అంది.

"ఎక్కడ పెట్టాలి మేడం?"

"నన్నడుగుతావేంట్రా. ఖాళీ ఎక్కడుంటే అక్కడ."

ఖాళీ ఉంటే వాళ్ళు కాళ్ళ వైపెందుకు పడుకుంటారమ్మా? కొందర్ని బట్టలుతికే గదిలో పెట్టాం. ఒకామెని ఆసుపత్రి చర్చిలో పెట్టా.

ఆ ఒకామె అమ్మమ్మే.

సొంత మంచం లేదమ్మా. సఫ్తా అనే ఆమెతో పడుకుంటంది, ఆమె కాళ్ళ దగ్గర. సఫ్తా బాత్రూంకి వెళ్ళినప్పుడు తీశా ఆ ఫొటో. నువ్వు అంత దూరాన ఏడుస్తావని.

ఇంకా విను. ఎవరో పోయినాయన పేరున ప్రార్థనకని ఆడోళ్ళు ఉడకేసిన గోధుమల తీపి పట్టుకుని చర్చికొచ్చారు. స్ట్రెచర్ మీద చేతులు ముడుచుకుని నిద్రపోతన్న అమ్మమ్మని చూసి ఈమె కూడా పోయిందనుకున్నారు. పైగా చేతిలో కొవ్వొత్తి లేదు, అది లేకుండా పోతే అవతల దారంతా చీకటేగా. మనోళ్ళు ఊరుకుంటారా? ఒకటి వెలిగించి వేళ్ళ మధ్య పెట్టి ఏడుపందుకున్నారు.

నేను వెళ్ళేసరికి అమ్మమ్మ కళ్ళు తెరిచే ఉంది. కొవ్వొత్తి గట్టిగా పట్టుకుంది.

"ఒరే రారెష్, అయిపోయిందా నా పని? మీ అమ్మకి కబురు పెట్టావా?"

"నువ్వు పోలేదమ్మమ్మా. తనిఖీ వాళ్ళొచ్చారు."

"దానికింత ఏడవాలా వీళ్ళు" అంది.

నాకెక్కడలేని కోపం వచ్చింది. కొవ్వొత్తి అట్టాగే వెలుగుతా ఉంది, స్ట్రెచర్ని పక్కనే ఉన్న అమ్మమ్మ వార్డులోకి తోసుకుపోయా. తనిఖీ సారు "ఈమెవరు?" అన్నాడు.

"చూడ్డానికొచ్చినావిడ సార్" అంది రోదికా మేడం. నైటీ వేసుకుని, సెలైన్ సీసాతో, స్ట్రెచర్ మీద చూడ్డానికొచ్చిందంట.

నేను స్ట్రెచర్ని ఆయన ముందుకి తోశా.

అమ్మమ్మే చెప్పింది. "కాళ్ళ వైపు మనిషిని నాయనా. అదిగో, ఆ సఫ్తా కాళ్ళ దగ్గర నా చోటు."

ఆయన సఫ్తా వంక చూశాడు. సఫ్తా కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. ఆయన గొంతు సర్దుకుని "ముందా కొవ్వొత్తి ఆర్పండి, ఇక్కడ ఆక్సిజన్ ఉంది" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. మర్నాడు వార్డు గోడకి కొత్త బోర్డు పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించరాదని. తనిఖీ చేసి కనిపెట్టింది అదొక్కటే.

రోదికా మేడం నన్ను ఇంక పనిలోకి రావద్దంది. సాయంత్రానికి ఆవిడే ఫోన్ చేసింది, మెట్లెక్కించేవాళ్ళు లేరని. వెళ్ళా. అమ్మమ్మ అక్కడే ఉందిగా.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయంట. డాక్టరు నా మొహం చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కొవ్వొత్తి ముక్క అమ్మమ్మ దిండు కింద దాచుకుంది. ఎండాకాలం దాకా ఆగకమ్మా.

చర్చిలో అడిగిందిగా, కబురు పెట్టావా అని. పెట్టానని చెప్పేశా.

ఇదే ఆ కబురు.

ఇట్లు,
నీ కొడుకు
రారెష్