చేతికి తగిలే అక్షరాలు

అక్కా,

కొట్లలో చూపులేనివాళ్లకీ తెలిసేలా తలుపు పక్కన బ్రెయిలీ చుక్కల బోర్డు ఉండాలని రూల్ వచ్చింది. చిన్నప్పుడు నువ్వు నేర్పుతానంటే నేను పారిపోయేవాణ్ణి చూడు, ఆ చుక్కలే. బట్టల కొట్టాయన ఆ పని నాకిచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను, చుక్కలు పెట్టడం నాకో లెక్కా అనుకుని కుంచెతో ముత్యాల్లా దిద్దాను. తనిఖీకి వచ్చినావిడ వేలితో తడిమి, "ఏమండీ, చేతికేం తగలట్లేదే!" అంది. తల కొట్టేసినట్టయింది.

పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు రేకు వెనకనుంచి, కుడి నుంచి ఎడమకి, ఒక్కో చుక్కా మేకుతో పొడుస్తాను. నిన్న తెల్లకర్రతో ఒకాయన వచ్చాడు. నా బోర్డు తడిమి, ఎవర్నీ అడక్కుండా నేరుగా లోపలికెళ్లిపోయాడు. నా రాత ఎంత బాగుందో చూడనే లేదు. అయినా ఇంత గర్వం నాకెప్పుడూ కలగలేదక్కా.

నా ఉత్తరం వచ్చినప్పుడల్లా "ఏం రాశాడు?" అని నువ్వు బావని అడిగేదానివి. ఆయన చదువుతాడని నేనూ సగం మాటలు మింగేసేవాణ్ణి. ఈ ఉత్తరం మాత్రం దళసరి కాగితం మీద నీ వేళ్ల కోసమే పొడిచాను. వెంటనే చెప్పేయకు. ఈసారి ఆయన్నే అడగనీ.

నీ తమ్ముడు