గడువుకు ముందే ఎఫ్‌సీ

ఆగస్టు 4
చెరువు కట్ట దిగేచోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆటో నిండా కలుపుకు పోయే ఆడవాళ్లం. ఆటో ఆగలేదు... ఆఖరి క్షణాన మా ఆయన కంపచెట్ల మీదికి తిప్పాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. "బ్రేకు పట్టలేదు" అన్నాడు.

ఆగస్టు 5
ఆటో ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, వచ్చే నెలాఖరు దాకా గడువుంది. అంతవరకూ ఆగలేను. పరీక్షలో బ్రేకు సంగతి తేలిపోతుంది. నెట్ సెంటర్‌కు పోయి ఆర్టీవో ఆఫీసులో 13కు స్లాటు బుక్ చేయించాను. ఇంటికొచ్చి ఆయనకు చెప్తే —
"ఇంగా గడువుండాది గదా. ఏం తొందరొచ్చె నీకు?"
"నిన్న గొర్రెలొచ్చినాయి. రేపు పిల్లోల్లు అడ్డమొస్తే?"

ఆగస్టు 6
పరీక్షకు ముందు ఒకసారి చూడమని మెకానిక్ మస్తాన్‌ను పిలిచాను. విప్పాడు, బిగించాడు, ఊరి చివరిదాకా తోలుకొచ్చాడు.
"బ్రేకు బాగుండాదక్కా. తొక్కితే ఆడికాడే నిలబడతాది."
ఆయన వైపు చూశాను. నేల చూస్తున్నాడు.

ఆగస్టు 8
కట్ట మీద నడక కంటే మెల్లగా తోలుతున్నాడు. ఆడవాళ్లు నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు.

ఆగస్టు 12
రేపే పరీక్ష. "మస్తాన్ తోలుకపోతాడులే" అంటున్నాడు. తన ఆటో ఇంకొకరు తోలితే ఓర్చుకోలేని మనిషి...

ఆగస్టు 13
పాసైంది. మస్తాన్ ఫోన్ చేశాడు. ఆయనకు చెబుదామని చేని దారి పట్టాను. ఎదురొస్తున్నాడు. కుడికాలికి చెప్పు లేదు. వెనక, దూరంగా, దారిలో పడి ఉంది. అడుగు పడిన చోటల్లా దుమ్ములో నెత్తురు మరక.
"కాల్లో ముల్లు" అన్నాను.
వంగి చూసుకున్నాడు. తుమ్మముల్లు, సగం లోపలే. అప్పటిదాకా ఆయనకు తెలియదు.
"ఎన్నాళ్లనించి ఇట్ల?"
"ఉగాది కాడ్నించి. షుగరుకు మొద్దుబారిందన్నాడు డాక్టరు. కాలు బ్రేకు మీద ఉండాదో లేదో ఒక్కోసారి తెలీదు."
"తెల్సీ తోల్తాండావా?"
"తోలకుంటే ఏం జేసేది, చెప్పు?"
దారిలోనే కూర్చోబెట్టి ముల్లు తీశాను. కాలు వెనక్కి లాక్కోలేదు. అమ్మా అనలేదు.

ఆగస్టు 14
పొద్దున. ఆడవాళ్లు ఆటో చుట్టూ చేరారు. బయట నుంచి నాగమ్మక్క ఆయన్ను పిలుస్తోంది — "ఏమప్పా ఓబులేసూ, ఎండెక్కుతాంది."
తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను. ఆయన గడపలో నిలబడి చెయ్యి చాపాడు.
"ఇయ్యి. బండి పాసయింది గదా."
"మస్తాన్‌ను పిలుస్తా."
"దినామూ వస్తాడా?"
చెయ్యి ఇంకా అట్లాగే ఉంది. నేను రాస్తూనే ఉన్నాను. తలెత్తితే జవాబు చెప్పాలి —