భుజం మీద నాలుగు వేళ్లు

మహారాజశ్రీ పెద్దాయన గారికి,

ఫొటో స్టూడియో కుర్రాడు నడుం విరిగేలా వంగి రాసుకుంటున్న క్షమాపణ. కెమెరా కనిపెట్టినవాడి తరఫున కూడా ముందే మన్నించండి. పోయిన మీ తమ్ముడిగారి ఫొటో పెద్దది చేసి, పక్కనున్న, వారింట్లో అద్దెకుండే ఆయన్ని తీసెయ్యమన్నారు. తీసేశాను. కాకపోతే ఆయన చెయ్యి మీ తమ్ముడిగారి భుజం మీద ఉండేది. నాలుగు వేళ్లు మిగిలిపోయాయి.

పరమ విధేయుడు,
స్టూడియో కుర్రాడు

తా.క. ఫొటో దిగిన రోజు కుర్చీలో నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని ఇద్దరూ తెగ పోట్లాడుకున్నారు. ఇంటి యజమాని మీద అంత అలిగే అద్దెదారుణ్ణి నేనెక్కడా చూడలేదు.

---

ఫొటో బాబుకి ఆశీస్సులు.

ఫొటో హాల్లో పెట్టాం. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లూ ఆ వేళ్లెవరివని అడుగుతున్నారు. డాక్టరు నాడి చూస్తున్నాడని చెప్పాను. భుజం మీద నాడేమిటని మా ఆవిడే అందరి ముందూ అడిగింది. వేళ్లు తీసెయ్.

ఇట్లు,
పెద్దాయన

తా.క. కుర్చీ సంగతి ఎక్కడా అనకు.

---

పెద్దాయన గారి పాదపద్మములకు,

వేళ్లు పోయాయి. కొత్త చిక్కొచ్చింది. మీ తమ్ముడుగారు కెమెరాని చూడలేదు, పక్కకి తిరిగి ఆయన్ని చూసి నవ్వారు. అటు ఇప్పుడు కిటికీ తెర తప్ప ఏమీ లేదు. తెరని చూసి అంత మురిసిపోయిన మనిషిని మా వృత్తిలో ఎరగం. తెరల వ్యాపారం చేసేవాడని చెప్పి చూడండి.

చిత్తగించవలెను,
స్టూడియో కుర్రాడు

తా.క. ఆయన్ని తిరిగి పెట్టేస్తే ఫొటో దానంతటదే బాగుపడుతుంది.

---

బాబూ,

వాడి నవ్వు నాకు తెలీదనుకున్నావా? చిన్నప్పుడు నన్ను చూసీ అలాగే నవ్వేవాడు. అది కళ్ల ముందుంటే అన్నం సహించడం లేదు. నవ్వు తీసెయ్. ఇద్దరూ ఉన్న అసలు ఫొటో కూడా చెరిపెయ్. అది ఉందని తెలిస్తే మీ యజమానితో మాట్లాడతాను. నీ ఉద్యోగం ఉండదు.

పెద్దాయన

తా.క. ఎవరొచ్చి అడిగినా కాపీ ఇవ్వకు.

---

పెద్దాయన గారికి,

నవ్వు తీయడం నాకు చేతకాలేదు. పెదవులు మూసేస్తే కళ్లు నవ్వుతూనే ఉన్నాయి. ఇంకెవరికైనా ఇచ్చి చూడండి.

నిన్న ఆయన వచ్చాడు. మీరు ఇల్లు ఖాళీ చేయించారట, చేతిలో సంచి ఉంది. "మేమిద్దరం కలిసి దిగింది అదొక్కటే నాన్నా. చిన్నదైనా సరే, ఒక కాపీ ఇవ్వు" అన్నాడు. కంప్యూటర్ పాడైందని, ఫొటోలన్నీ పోయాయని చెప్పాను. సంచి రెండో చేతికి మార్చుకుని, "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు.

ఇన్నాళ్లూ చెయ్యని వాటికల్లా క్షమాపణలు రాశాను. నేను నిజంగా చేసింది ఒక్కటే. మీ ఉత్తరం అందిన సాయంత్రమే అసలు ఫొటో చెరిపేశాను.

ఇట్లు,
స్టూడియో కుర్రాడు

తా.క. కంప్యూటర్ బాగానే ఉంది.