సాయంత్రం ఊడ్చే వాకిళ్ళు

గోదావరిఖని,
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక.

ప్రియమైన అక్కకు, ప్రభువు కృపలో నీ చెల్లెలు సువార్త వందనాలు. ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెట్టి వీధంతటికీ వినిపిస్తాడు, అందుకే కాగితం పట్టాను. ఆయన్నేమీ అనకు.

స్కూల్లో టీచరు ఉద్యోగం నెలాఖరు వరకూ నా కోసం ఆపుతామన్నారు, వచ్చేస్తావా అని అడిగావు. నిజం చెబుతున్నాను, మొన్న మంగళవారం వరకూ వచ్చేయాలనే ఉండేది. తిండికి లోటు లేదు, పక్కింటి రాజవ్వ వారానికోసారి సర్వపిండి పెడుతుంది. ఎండంటావా, అలవాటవుతోంది. నా బాధల్లా బాయితోనే. ఇక్కడ గనిని బాయి అంటారు. మీ మరిది అందులో నీళ్ళు తోడే పంపు దగ్గర పనిచేస్తాడు. పొద్దున్న దిగితే ఫోను కూడా ఉండదు. నాలుగింటికి ఇంటికొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. మూడున్నరకే తలుపేసుకుని మోకరించేదాన్ని. అది ప్రార్థనేనా అంటే ఏమో, సగం గడియారం చూడటమే. ప్రభువు తోడున్నాడని పాడుకుంటూ పెరిగినవాళ్ళం కదా, మరి నాకీ వణుకేమిటక్కా?

అన్నట్టు ఇక్కడొక వింత. మా క్వార్టర్ల వరుసలో ఆడవాళ్ళంతా పొద్దున ఊడ్చిన వాకిళ్ళనే మూడున్నరకి మళ్ళీ ఊడుస్తారు. బొగ్గు దుమ్ముకేమో అనుకున్నాను. వాన పడి నేలంతా బురదగా ఉన్నరోజు కూడా చీపుర్లు బయటికొచ్చాయి. ఇంక నా నోరు ఆగుతుందా? రాజవ్వనే అడిగాను. ఆమె పెద్దామె, కొడుకుదీ బాయి పనే.

“దుమ్ము కోసం ఎవలు ఊడుస్తరు బిడ్డా? డ్యూటీ దిగే యాళ్ళకు ఇంట్ల కూసోబుద్ధి కాదు. ఉత్త చేతులతోని వాకిట్ల నిలబడితేనేమో ఏదో కీడు జరిగినట్టుంటది. చేతుల చీపురుంటే పని చేస్తున్నట్టే గదా” అంది.

“మీకూ భయమేనా?” అన్నాను.

“భయం ఎవలకు లేదు? నీకే లేదనుకున్నం. గా టైముకు తలుపేసుకొని నిమ్మలంగ పంటవని షాహీన్ అన్నది.”

షాహీన్ మా ఎదురింటామె. మోకరించి మోకరించి నా మోకాళ్ళు కాయలు కాస్తుంటే, నేను నిద్రపోతున్నాననుకున్నారట!

ఇదంతా తెలిశాక కూడా, చీపురు పట్టుకుని వెళ్ళడానికి సిగ్గేసి లోపలే ఉండిపోయాను. మంగళవారం నాలుగు దాటింది. వరుసలో మగవాళ్ళందరి బండ్లూ వచ్చిన చప్పుడైంది, మాది తప్ప. తలుపు తీసి బయటికొచ్చాను. రాజవ్వ కొడుకు “వస్తడు వదినె” అన్నాడే గానీ, చూశానని అనలేదు.

నాలుగున్నర అయింది. ఆ ఆడవాళ్ళందరి మనుషులూ వచ్చేశారు కదా, లోపలికెళ్ళి చాయ్ పెట్టుకోవాలి కదా? ఒక్కరూ కదల్లేదు. ఊడ్చిన చోటే ఊడుస్తున్నారు. షాహీన్‌ని భర్త పిలిస్తే, “ఠైరో జీ” అని ఆగమంటూ మా వాకిలి ఊడవడం మొదలెట్టింది. రాజవ్వ తన చీపురు నా చేతిలో పెట్టి, “పట్టు బిడ్డా” అని, లోపలికెళ్ళి తనకింకొకటి తెచ్చుకుంది. నేనూ ఊడ్చాను.

ఐదున్నరకి మీ మరిది బండి మలుపు తిరిగింది. తరువాతి షిఫ్టు మనిషి ఆలస్యంగా వచ్చాడట, అతనొచ్చేదాకా పంపు వదిలి రాకూడదట. అప్పుడు చీపుర్లు గోడకి ఆనించి ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళారు. నేను అన్నం వడ్డిస్తూ ఏడ్చేశాను.

అక్కా, ఒక సంగతి పాస్టరుగారిని అడిగి రాయి. ఆ గంటసేపూ నాకు భయం పోలేదు, కానీ శాంతిగా ఉంది. భయం పోతేనే శాంతి వస్తుందనుకునేదాన్ని, రెండూ ఒకేసారి ఉంటాయా? ప్రభువు కోసం నేను తలుపేసుకుని వెతికాను. ఆయన బయట వాళ్ళ మధ్య ఉన్నాడని నాకు గట్టిగా అనిపించింది. ఈ మాట వాళ్ళతో అనలేదు, నీతోనే అంటున్నాను. ఇప్పుడు నా ప్రార్థన వాకిట్లోనే.

అమ్మకీ, బావకీ, సంఘపెద్దలందరికీ నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మా కోసం ప్రార్థించేటప్పుడు రాజవ్వ పేరు, షాహీన్ పేరు కూడా తలుచుకో.

స్కూలు ఉద్యోగం ఇంకెవరికైనా ఇమ్మను. ఇటు వచ్చేవాళ్ళుంటే మన కొబ్బరీనెల చీపుర్లు రెండు పంపు. ఒకటి రాజవ్వకి.

నీ ఆశీస్సులు కోరే చెల్లెలు,
సువార్త