చిట్టెలుక నోరు తెరవదు

డిసెంబరు 4

ప్రియమైన అక్కకి,

ఫోన్లో మాట్లాడితే నీకు సగమే వినపడుతుంది, అందుకే కాగితం పట్టుకున్నా. ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. ఈ కాలంలో నీళ్ల పంపులు ఆడవు, మోటార్లు కాలవు, నాకు వాటికి రాగితీగ చుట్టే పని లేదు. మా ఓనరు షెడ్డుకి రెండు నెలలు తాళం వేశాడు. మీ మరదలు తెల్లారగానే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనికి పోతుంది. ఇంట్లో నేనూ, మన చిట్టెలుకా.

పదకొండు నెలల పిల్లకి ఇంత పొగరు ఎక్కడిదక్కా? జావ పెడితే ఉమ్మేస్తుంది. అరటిపండు మెదిపి పెట్టినా అంతే. గుడ్డు సొన నా స్వెట్టరు నిండా. నిన్న గంటన్నర కూర్చుంటే లోపలికి పోయింది మూడు చెంచాలు. ఒళ్లు మండి గిన్నె తీసి గోడకేసి కొట్టా. ఆ చప్పుడుకి బిగుసుకుపోయి వెంటనే నోరు తెరిచింది. భయముంటేనే తిండి దిగుతుందని నాన్న ఊరికే అనలేదు.

పెదవి దగ్గర చెంచా కాస్త గీరుకుంది, పెద్దదేం కాదు. నీకేమైనా చిట్కా తెలిస్తే రాయి.

నీ తమ్ముడు


డిసెంబరు 11

చిన్నోడా,

నీ ఉత్తరం కుట్టుమిషను మీద పెట్టుకుని నాలుగుసార్లు చదివా. ఆ రోజు ఒక్క చొక్కా కూడా కుట్టలేకపోయా.

నాన్న మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా. నీకప్పుడు మూడేళ్లు. ముక్కు మూసి అన్నం ముద్దలు కుక్కేవాడు. నువ్వు కక్కితే ఆ కక్కిందే మళ్లీ నోట్లో పెట్టేవాడు. ఒకరోజు నేను అడ్డం పడితే చెంప మీద కొట్టాడు. నా ఎడమ చెవి అప్పుడు పోయింది. అమ్మ అందరితో జ్వరమొచ్చి పోయిందని చెప్పేది. నువ్వూ అదే నమ్మావు.

చెంచా పక్కన పడెయ్. పిల్లని కింద కూర్చోబెట్టి ముందు గిన్నె పెట్టి వదిలెయ్. పూసుకోనీ, పారబోయనీ. ఒకసారి డాక్టరుకి నోరు చూపించు. కోపం వస్తే గడప దాటి వీధిలోకి పో, పిల్ల ఏడ్చినా ఫర్వాలేదు. ఏడుపుతో ఎవరూ చావరు. నన్ను రమ్మంటే ఆదివారం బస్సెక్కుతా.

అక్క


జనవరి 3

అక్కా,

కుడి చేతికి కట్టుంది, ఎడమ చేత్తో రాస్తున్నా. అక్షరాలు చూసి నవ్వుకోకు.

నాన్న సంగతి నాకెందుకు రాశావు? ఆయన పోయి ఇన్నేళ్లయింది. కొట్టాడు, తిట్టాడు, అయినా మనం బతికాంగా.

అటుపోయిన బుధవారం మీ మరదలు మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. నేను పిల్లని మోకాళ్ల మధ్య ఇరికించి, దవడలు నొక్కి జావ పోస్తున్నా. అలా అయితేగానీ దిగట్లేదు మరి. ఆవిడ వస్తూనే చెంచా లాక్కుంది. నాకు కళ్లు మూసుకుపోయాయి. జుట్టు పట్టుకుని తల బీరువా తలుపుకేసి కొట్టా. రెండుసార్లు. మూడోసారి పట్టుకోబోతే పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు నా చేతి మీద కుమ్మరించింది. తోలు ఊడొచ్చింది. నేను నేల మీద దొర్లుతుంటే పిల్లని దుప్పట్లో చుట్టుకుని, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా వెళ్లిపోయింది. పోతూ ఒక్క మాటే అంది. "ఇంకోసారి దాని మీద చెయ్యి పడితే ఆ నీళ్లు నీ మొహాన పోస్తా."

పది రోజులైంది. వాళ్ల పుట్టింట్లో లేదు. పనిలో అడిగితే నోరు విప్పరు. పిల్ల తిండి మారాం ఇంతదాకా తెచ్చింది. నీకేమైనా తెలిస్తే నచ్చజెప్పి పంపు. నీ మాటంటే మీ మరదలికి గౌరవం.

తమ్ముడు


జనవరి 9

తమ్ముడూ,

వాళ్లిద్దరూ నా దగ్గరే ఉన్నారు. ఆ సాయంత్రమే బస్సు దిగారు. మీ ఆవిడ తలకి నాలుగు కుట్లు పడ్డాయి. జుట్టు రక్తంతో అట్టకట్టి ఉంటే కత్తిరించాల్సి వచ్చింది. ఆ పని నా కత్తెరతో నేనే చేశాను.

మర్నాడు పిల్లని డాక్టరమ్మకి చూపించాం. పై పెదవిని చిగురుకి కలిపే సన్నటి పొర తెగిపోయి ఉంది. నాలుక కింద ఒక గాయం మాని ఉంది, ఇంకొకటి చీము పట్టి ఉంది. చెంచా బలంగా పొడిస్తే ఇలా అవుతుందంది. మీ షెడ్డు మూసేదాకా పిల్ల అన్నీ తినేదట. నువ్వు పెట్టడం మొదలుపెట్టాకే మానేసింది. అది మారాం కాదురా, నొప్పి. పుండు మీద చెంచా పెట్టి, ఏడ్చిందని దవడలు నొక్కావు.

ఇప్పుడు మందు వేస్తున్నాం. ఈ పొద్దున మెత్తటి అన్నం నా అరచేతిలోంచి తనే తీసుకుని తింది. చాలాసేపు తింది. మీ ఆవిడ చూడలేక గోడ వైపు తిరిగి ఏడ్చింది.

నిన్న పోలీసు స్టేషనుకి వెళ్లాం. ఫిర్యాదు మీద ఆవిడ సంతకం చేసింది, సాక్షిగా నేను చేశాను. డాక్టరమ్మ చీటీతో పాటు నీ రెండు ఉత్తరాలూ జతచేశాం. ఎవరూ నిన్ను ఇరికించలేదు, అంతా నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. వాళ్లొస్తే ఎదురు తిరగకు. చేతి కట్టు మాత్రం మార్పించుకో.

చిన్నప్పుడు నీకోసం అడ్డం పడ్డాను. ఇప్పుడు నీకే అడ్డం పడాల్సి వచ్చింది. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎంత నలిగిపోయానో నీకు తెలియదు.

ఇక్కడికి రాకు. ఉత్తరం కూడా రాయకు. రాస్తే అదీ తీసుకెళ్లి పోలీసులకే ఇస్తాను.

అక్క