ఇసుకలో దిగని టైరు

జమ్మలమడుగు, 12-4-59

నారాయణన్నకు పెంచలమ్మ నమస్కారాలు. ప్రాణాలతో ఉన్నాం, భయపడొద్దు.

పెన్న ఇసుకలో దిగబడకూడదని మీ బావ మోటారుసైకిలు వెనక చక్రానికి వెడల్పాటి కారు టైరు వేయించాడు. ఇసుక చక్కగానే దాటాడు. గట్టెక్కాక మలుపులో బండి వాలక, తిన్నగా రాళ్లలోకి పోయింది. కాలు విరిగింది. మోకాలు ఇక వంగదన్నాడు డాక్టరు.

చూడవచ్చినవాళ్లది మంచం చుట్టూ టైరు వాదనే. “కారు టైరు మలుపులో వాలదు గదప్పా” అని వాళ్లు. “రాయి అడ్డమొస్తే టైరేం జేస్తాది” అని ఈయన. కాలి మాట ఎవరూ ఎత్తరు. నాకు ఏడ్చే ఓపిక కూడా లేదన్నా.

అమ్మకు దగ్గు తగ్గిందా? జొన్నలు ఎవరిచేతనైనా పంపు. పిల్లలకు నా దీవెనలు.

ముందు చక్రానికీ కారు టైరు పులివెందులలో దొరుకుతుందేమో కనుక్కోమని నీకు రాయమన్నాడు మీ బావ. రాశాను. దొరికినా దొరకలేదని చెప్పు.