అక్క గరిటె

అక్కా,

ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తవు కాబట్టి కాగితం పట్టాను. నీ అలక ఎందుకో నాకు తెలుసు. టీవీలో నేను వేసే గయ్యాళి వదిన అచ్చంగా నువ్వే. నడుం మీద చెయ్యి, గాల్లో గరిటె, "ఏం, నేను మనిషిని కానా?" అనే నీ ఊతపదం, అన్నీ నీ వంటగదిలోంచి ఎత్తుకొచ్చినవే. అయినా ఆ వేషం వదలను. ఇన్నేళ్ళూ హీరోయిన్ పక్కన నిలబడి తలూపే స్నేహితురాలినే కదా. ఇప్పుడు కూరగాయలమ్మే ఆవిడ కూడా నన్ను చూడగానే నవ్వుతోంది. అలిగితే అలుగు, నేను మాత్రం మానను.

నీ పొట్టి

* * *

పొట్టీ,

మానమని నిన్నెవరడిగారే? నువ్వు నాలా చేసిన మొదటిరోజే మీ బావ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళకీ "అది నన్ను చూసి నేర్చుకుందే" అని చెప్పుకున్నాను. నా ఒళ్ళు మండింది పోయిన వారం. నీ మొగుడి వేషం వేసేవాడు నీ చెంప ఛెళ్ళుమనిపించాడు, వెనక నవ్వుల టేపు వేశారు, నువ్వు గరిటె కింద పెట్టి తలొంచుకుని వడ్డించావు. మీ బావ నామీద చెయ్యెత్తిన రోజు నువ్వు చిన్నపిల్లవి, గుమ్మంలోనే ఉన్నావు. నేను వడ్డించానా? పొయ్యి ఆర్పి, నా కంచంలో నేను పెట్టుకుని, తింటూ అన్న మాటే ఆ "నేను మనిషిని కానా?" ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు. నా గరిటె పట్టుకుంటే సరిగ్గా పట్టుకో, లేదంటే తిరిగిచ్చెయ్.

మీ అక్క

* * *

అక్కా,

జనం నవ్వారు కాబట్టి చెంపదెబ్బ ప్రతివారం పెడతారట. ఇవాళ రిహార్సల్లోనే చెప్పేశాను, తలొంచుకోనని. "నవ్వులాటలో నీతులెందుకమ్మా, ఇంకొకళ్ళని చూసుకుంటాం" అన్నారు డైరెక్టరు. "చూసుకోండి" అన్నాను.

కెమెరా తిరిగింది. మొగుడి వేషం వేసే ఆయన చెయ్యెత్తాడు. నేను పొయ్యి ఆర్పేసి, నా కంచంలో వడ్డించుకుని కూర్చున్నాను. నమిలి, మింగి, అప్పుడన్నాను నీ మాట. లైట్ల వాళ్ళూ మేకప్ ఆవిడా పగలబడి నవ్వారు. చెయ్యెత్తినాయన ఖాళీ కంచంతో అలాగే నిలబడిపోయాడు, అది మాత్రం నటన కాదు.

సీను ఉంచుతారట. నన్ను ఉంచుతారో లేదో రేపు చెబుతారట. ఏం చెప్పినా సరే, గరిటె సెట్టులో వదిలి రాలేదు. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నీ పొట్టి